కానుకల వేళ నాలుగున్నర నిమిషాలు

ఆరేళ్ళు కూర్చుని నేర్చుకున్న సంగీతాన్ని మా చర్చి సంఘం నాలుగున్నర నిమిషాలు వాయించనివ్వలేదు. సగానికి వచ్చేసరికి దాని మీద ఇంకో పాట ఎత్తి, ఆ పాటే చివరిదాకా పాడేశారు. ఎవరూ నన్ను క్షమాపణ అడగలేదు. అడగవలసిన పని జరిగిందని కూడా ఎవరికీ తోచలేదు. ఇది నాకు జరిగిన అన్యాయం. చిన్న విషయమండీ అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి చిన్నదే.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. ఏలూరు కాలవ మీద లాకుల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు లస్కరుగా చేశాను. తలుపులెత్తడం, దించడం, నీళ్ళు ఎంత మట్టాన ఉన్నాయో చూడడం, ఇదీ ఉద్యోగం. లాకుల పక్కనే ఇచ్చిన ఒంటిగదిలో కాపురం. కాపురమంటే నేనొక్కణ్ణే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదనేది వేరే సంగతి, అది ఇక్కడ అక్కర్లేదు. ఇంగ్లీషు నిఘంటువు ముందు పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోణీ, వాయించేవాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నాను. తాడేపల్లిగూడెంలో మా చర్చిలో ఆ హార్మోణీ ముందు ముప్పై ఏళ్ళు ఆదివారం తప్పకుండా కూర్చున్నాను. మా దగ్గర పద్ధతేమిటంటే, వాయించేవాడు శ్రుతి ఇవ్వడు. ఎవరో ఒకరు, ఎక్కువగా ఆడవాళ్ళ వైపు నుంచి, పాట ఎత్తుతారు. ఎత్తిన చోటు నేను మెట్ల మీద వెతికి పట్టుకోవాలి. రెండు మాటలు పూర్తయ్యేలోపు పట్టుకునేవాణ్ణి. ఆ విషయంలో నాకు పేరుంది.

రెండువేల ఒకటో సంవత్సరంలో ఏలూరులో పాత మిషను బంగళా ఒకటి ఖాళీ చేస్తూ, అందులోని పియానోని ఎవరికైనా ఇచ్చేస్తామన్నారు. ఊరికే వస్తుంది కదా అని మా కమిటీ తెచ్చుకుంది. ట్రాక్టరు తొట్టిలో వరిగడ్డి పరిచి, దాని మీద పియానోని నిలబెట్టి, నలుగురు పట్టుకుని తెచ్చారు. చర్చిలో ఎడమ గోడకి ఆనించారు. మరుసటి ఆదివారానికే దాని మీద గుడ్డ పరిచి పూలకుండీలు పెట్టారు. అప్పటికి నేను రిటైరై పెంటపాడు రోడ్డు వైపు ఒక గది తీసుకుని ఉంటున్నాను. ఆదివారం హార్మోణీ, మిగతా ఆరురోజులూ ఏమీ లేదు. పాస్టరుగారిని అడిగితే చర్చి తాళంచెవి ఇచ్చారు.

“వాయిస్తారాండీ దాన్ని?” అన్నారాయన.

“వాయించడానికే కదండీ చేశారు,” అన్నాను.

లోపల ఎలకలు కాపురం పెట్టి వెళ్ళాయి. చెమ్మకి మెట్లు కొన్ని నొక్కితే లేచేవి కావు. ఒక కరెంటు బల్బు లోపల వేలాడదీసి, పగలంతా వెలిగించి ఉంచి ఆరబెట్టాను. తీగలు బిగించడానికి చదరపు బెజ్జం ఉన్న రెంచి కావాలి, అది గూడెంలో లేదు, ఏలూరులో లేదు. కొలతలు కాగితం మీద వేసి లేతు వర్క్‌షాపులో చేయించుకున్నాను. హార్మోణీ పక్కకి జరిపి ఒక్కొక్క మెట్టూ దానితో పోల్చుకుంటూ రెండునెలలు బిగించాను. మూడు తీగలు తెగాయి. నాకు చెప్పేవాళ్ళెవరున్నారండీ?

పియానో ముందు వేసే బల్లకి మూత ఉంది. ఎత్తితే లోపల ఒక పుస్తకం. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు పురుగులు తినేశాయి. అయిదు గీతల రాతలో అచ్చువేసిన సంగీతం. నాకు డో రే మీ అక్షరాల రాత బాగా వచ్చు. అయిదు గీతలది కీర్తనల పుస్తకం పుణ్యమా అని కొంచెం వచ్చు. చదివి చూస్తే ఇవి కీర్తనలు కావు. ఏలూరు లైబ్రరీలో పాత విజ్ఞానకోశం తిరగేసి తెలుసుకున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో యూరపులో రొమాంటిక్ యుగమని ఒకటి నడిచిందట. మనిషి తన మనసులో దిగులూ కోరికా ఏదీ దాచుకోకుండా పియానో మీద చెప్పుకున్న కాలమట. పుస్తకంలో అచ్చయి ఉన్న నాక్టర్న్ అనే మాటకి రాత్రి వాయించే సంగీతమని అర్థమట. నేను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వాయించేవాణ్ణి, ఎందుకంటే అప్పుడే చర్చి ఖాళీ.

ఆ పుస్తకంలో నాలుగు పేజీల నాక్టర్న్ ఒకటి పూర్తిగా మిగిలి ఉంది. అది పట్టుకున్నాను.

మొదటి నాలుగు నెలలు నేను చేసిన తప్పు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. హార్మోణీకి కాళ్ళతో తొక్కి గాలి అందించాలి, తొక్కడం ఆగితే శబ్దం ఆగుతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. పియానో కింద కూడా రెండు పెడళ్ళున్నాయి. లోపల ఉన్నవి తీగలని తెలుసు, వాటిని బిగించింది నేనే. అయినా కూర్చోగానే కాళ్ళు వాటి పని అవి మొదలుపెట్టేవి: కుడి, ఎడమ, కుడి, ఎడమ. పుస్తకంలో గీతల కింద తొక్కమని ఒక గుర్తు, వదలమని ఒక చుక్కగుర్తు అచ్చువేసి ఉంటే, ఓహో, ఇక్కడ కాస్త గట్టిగా తొక్కాలి కాబోలు అనుకున్నాను. వాయించిందంతా బురదగా వినిపించేది. చెమ్మ ఇంకా పోలేదు అనుకుని రెండో బల్బు పెట్టాను!

ఒక వానాకాలం కుడికాలికి తుమ్మముల్లు దిగి కట్టు కట్టుకున్నాను. కాలు చాపుకుని కూర్చుని వాయిస్తే పియానో శుభ్రంగా మోగింది. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాను. ఖాళీ బెంచీలు. మర్నాడు కుడి పెడల్ ఒక్కటే మెల్లగా అదిమి, కింది స్వరం ఒకటి నొక్కి చెయ్యి తీసేశాను. చెయ్యి వెళ్ళిపోయినా స్వరం ఉండిపోయింది. హార్మోణీలో ఇది జరగదు. వేలు తీస్తే అయిపోయినట్టే. కింద ఆ స్వరం అలా ఉండగానే చెయ్యి పైకెళ్ళి ఇంకో రెండు కలుపుకోవచ్చు. పుస్తకంలోని ఎడమచేతి దూకుళ్ళు ఎందుకలా రాశాడో అప్పుడు తెలిసింది. చేతులు రెండే అయినా నలుగురు వాయిస్తున్నట్టుగా రాశాడు మహానుభావుడు. ఆ మధ్యాహ్నం అదొక్క వరసే నాలుగింటిదాకా వాయించి, బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాను. ఎవరికైనా చెబుదామని. టీ పోసే ఆయన, “ఏవండీ, ఇవాళ వానొస్తుందంటారా?” అన్నాడు. వస్తుందన్నాను.

కష్టాలు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. లాకు తలుపుల చక్రాలు తిప్పి తిప్పి నా వేళ్ళు కర్రపేళ్ళలాగా ఉంటాయి. నాలుగో వేలు అసలు నా మాట వినేది కాదు. అన్నం తిన్నాక పీట మీద ఆ వేలొక్కటే కొట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒకచోట ఎడమచెయ్యి ఆరు స్వరాలు వాయించేలోపు కుడిచెయ్యి పదకొండు వాయించాలి. పదకొండుని ఆరుతో ఎలా భాగిస్తారండీ? కాగితం మీద అరవై ఆరు గళ్ళు గీసి, ఏ గడిలో ఏ వేలు పడాలో గుర్తులు పెట్టుకుని మూడు వారాలు సాధించాను. వింటే గోడకి మేకులు కొట్టినట్టుంది. చివరికి విసుగొచ్చి, లెక్క వదిలేసి, తలుపెత్తితే నీళ్ళు జారినట్టు జారవిడిచాను. అదీ సంగతి. లెక్కపెడితే రాదు, లెక్క రానివాడికీ రాదు.

ఇంకోచోట పైన ఇటలీ మాట ఒకటుంది. లైబ్రరీ నిఘంటువులో చూస్తే ‘దొంగిలించిన కాలం’ అని అర్థం రాశారు. నాకు కోపమొచ్చింది. తాళం అంటే తాళమే. అందులో దొంగతనమేమిటి? ఏడాది పట్టింది ఒప్పుకోవడానికి. ఎడమచెయ్యి దాని నడక అది నడుస్తుంటే, కుడిచెయ్యి ఒక స్వరం దగ్గర వెళ్ళాలా వద్దా అన్నట్టు కాస్త ఆగి, తరవాత పరుగెత్తి కలుసుకుంటుంది. ఆ ఆగడంలోనే ఉంది అంతా. గుమ్మందాకా వెళ్ళిన మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూడడం లాంటిది.

ఇంత చేసినా నాకొకటి తెలియదు: నేను వాయిస్తున్నది అసలు ఆ సంగీతమేనా? దాన్ని నేను ఎప్పుడూ వినలేదు. కాగితం మీద చూసి కట్టుకున్నదే. ఏలూరులో క్యాసెట్ల కొట్టుకి వెళ్ళి అడిగాను.

“ఏ సినిమా అండీ?” అన్నాడు కొట్టతను.

“సినిమా కాదండీ. పియానో సంగీతం.”

“పాడిందెవరండీ?”

“ఎవరూ పాడరు. మాటలుండవు.”

“మాటలుండకపోతే మరేం వింటారండీ?” అని, నేను దిగులుపడ్డానని కాబోలు, “పోనీ, బ్యాండుమేళం ఉంది, ఇమ్మంటారా?” అన్నాడు.

గూడెం నుంచి ఏలూరు దాకా అది వాయించేవాడు నేనొక్కణ్ణే. నేను తప్పు వాయించినా దిద్దేవాడు లేడు, ఒప్పు వాయించినా అవునన్నవాడు లేడు. మధ్యలో నేను పోతే దీన్ని ఒకడు నేర్చుకున్నాడని కూడా ఎవరికీ తెలియదు. మనుషులు కూర్చుని ఒక్కసారి చివరిదాకా వినాలి. మెచ్చుకోనక్కర్లేదు. ఆ ఒక్కటే కావాలనిపించింది. అంతకుమించి నేనేదీ కోరలేదు, ఇప్పటికీ కోరను.

రెండువేల ఏడులో పాస్టరుగారిని అడిగాను, ఒక ఆదివారం కానుకలు పట్టే సమయంలో వాయిస్తానని.

“ఏ కీర్తనండీ?”

“కీర్తన కాదండీ. వాయిద్యం మాత్రమే.”

“ఎంతసేపండీ?”

“నాలుగున్నర నిమిషాలు.”

“మాటల్లేకుండా నాలుగున్నర నిమిషాలాండీ?” అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సరేలెండి. కానుకల సంచి అటూ ఇటూ తిరిగేసరికి అంత పడుతుంది.”

ఆ ఆదివారం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. పాస్టరుగారు, “ఇప్పుడు మన పెద్దాయన వాయిద్యం వాయిస్తారు,” అని మాత్రం చెప్పారు. వినండి అని చెప్పలేదు. అది నా మొదటి అభ్యంతరం.

మొదటి పేజీ బాగా వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు, సంచిలో కానుకలు పడుతున్న చప్పుడు, ఎవరో పసిబిడ్డని జోకొడుతున్న చప్పుడు. అయినా వాయించాను. మొదటి వరస రెండోసారి వచ్చినప్పుడు చిన్న చిన్న స్వరాలు కలుపుకుని వస్తుంది. అదీ బాగానే వచ్చింది. రెండో పేజీ చివర ఎడమచెయ్యి సన్నగిల్లి, కుడిచెయ్యి ఒక్కటే మిగిలే చోటుంది. నేను ఆరేళ్ళూ ఎదురుచూసింది ఆ చోటు కోసమే. అక్కడ ఆగాను. దొంగిలించిన కాలం.

ఆ ఆగినచోట ఆడవాళ్ళ వైపు, చాపల మీద ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ గొంతెత్తి పాట అందుకుంది.

ఆవిడది కొల్లేటి లంక. అంతకుముందటేడు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు కదా, అప్పుడు అక్కడ పనులు పోయి, గూడెంలో కూతురింటికి వచ్చి ఉంటోంది. చాలా పాత కీర్తన అది, అందరికీ వచ్చినది. ఆవిడ ఎత్తిన శ్రుతికీ నా శ్రుతికీ పొంతన లేదు. రెండో మాటకి ఆడవాళ్ళంతా కలిశారు. మూడో మాటకి మగవాళ్ళు కలిశారు. చప్పట్లు కూడా మొదలయ్యాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అది కూడా కాదు. నా చేతులు! పాట ఎత్తిన చోటు వెతికి పట్టుకోవడం ముప్పై ఏళ్ళ అలవాటు కదా. నేను వద్దనుకుంటుండగానే అవి నాక్టర్న్ వదిలేసి ఆవిడ శ్రుతి వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి. రెండు మాటలు పూర్తయ్యేలోపు పట్టుకున్నాయి. అయిదు చరణాలూ వాయించాను. కాళ్ళు కూడా తొక్కడం మొదలుపెట్టాయి.

ఆరాధన అయ్యాక జనం నా చుట్టూ చేరారు. “ఈవేళ పాటకి వాయిద్యం ఎంత బాగా కలిసిందండీ!” అన్నారు. “మొదట్లో కాస్త తడబడ్డారు గానీ, తరవాత అందుకున్నారండీ,” అన్నాడు కమిటీ సెక్రటరీ. ఆ ముసలావిడ కూడా వచ్చింది. “బాగా వాయించారండీ అన్నయ్యగారూ,” అంది. నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ వెళ్ళిపోయింది.

కమిటీకి కాగితం రాశాను. తెల్లకాగితం మీద మూడు పేజీలు. అనుమతి తీసుకుని వాయిస్తున్నవాడి మీద పాట ఎత్తడం ఏ పద్ధతి అని అడిగాను. నెలయినా జవాబు లేదు. సెక్రటరీని రైల్వేస్టేషన్ రోడ్డులో పట్టుకుని అడిగాను.

“దేవుని మందిరంలో పాట ఆపమని ఎవరంటారండీ? అదీ ఓ పెద్దావిడని. మీరే చెప్పండి.”

“ఆపమనలేదు. ఎందుకు ఎత్తిందో అడగమంటున్నాను.”

“ఎందుకేమిటండీ? పాట వచ్చింది, పాడింది,” అన్నాడు, మోటారుసైకిలు స్టార్టు చేసుకుంటూ.

ఇంకో కాగితం రాశాను. దానికీ లేదు. తాళంచెవి తీసుకెళ్ళి పాస్టరుగారి బల్ల మీద పెట్టేశాను. ఆయన దాన్ని తీసి సొరుగులో వేసుకున్నారు. తరవాత చర్చికి కరెంటు కీబోర్డు కొన్నారు; మీట నొక్కితే దరువు దానంతటదే పడుతుంది. నాతో అవసరం తీరింది. ఆదివారాలు కూడా మిగతా ఆరురోజుల్లాగే అయ్యాయి. రెండేళ్ళు పియానో ముట్టలేదు. పీట మీద మాత్రం నాలుగో వేలు కొట్టుకుంటూనే ఉండేది, నేను వద్దన్నా.

ఆ రెండేళ్ళూ ఆవిడ మీద మనసులో ఎన్ని కాగితాలు రాశానో. వాయించేటప్పుడు నోరు మూసుకుని వినడం మనవాళ్ళకి చేతకాదని, నిశ్శబ్దమంటే వీళ్ళకి ఖాళీ గిన్నె అని, ఏదో ఒకటి పోసి నింపేదాకా ఊరుకోరని. అంత అన్నాను గానీ అడగవలసిన మనిషిని అడగలేదు. మొహం తిప్పుకున్నవాణ్ణి, ఏ మొహంతో అడుగుతాను? అప్పటికే ఆవిడ తిరిగి లంకకి వెళ్ళిపోయింది.

రెండువేల తొమ్మిది చలికాలంలో గూడెం సంతలో ఆవిడ కూతురు ఎదురుపడింది.

“మా అమ్మకి మోకాళ్ళు పట్టేశాయండి, లేవట్లేదు. కబురు చేసినప్పుడల్లా మిమ్మల్నే అడుగుద్దండి. ఆ అన్నయ్యగారు ఇంకా వాయిత్తన్నారా అని.”

“ఏమని చెప్పావు?”

“వాయిత్తన్నారనే చెప్పేనండి. లేదంటే బాదపడుద్దని.”

మర్నాడు పొద్దున్నే పాసింజరులో ఏలూరు వెళ్ళి, లంకల వైపు బస్సెక్కాను. రోడ్డుకి రెండు వైపులా కిక్కిస గడ్డి, మధ్యమధ్య తెగిపోయిన గట్లు, వాటి మీద బారులు తీరిన కొంగలు. బస్సు ఆగిన చోటి నుంచి తాటిదోనె మీద లంకకి దాటాను. దోనెవాడు ఎవరింటికండీ అంటే చెప్పాను. “పాటల మామ్మ ఇల్లేనాండీ?” అన్నాడు. ఔనన్నాను, కాస్త చిరాకుగానే.

ఆవిడ వాకిట్లో నులకమంచం మీద ఎండకి కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది.

“ఎవరండీ అదీ? అన్నయ్యగారా! రండి రండి. ఒసే, ఎవరక్కడ, కుర్చీ తెండి, గూడెం నించి అన్నయ్యగారొచ్చేరు.”

కుర్చీ వచ్చింది. మంచినీళ్ళు వచ్చాయి. భోంచేసి వెళ్ళాలంది, చేపలు తాజావి అంది. పియానోకి వానాకాలం చెమ్మ పడుతోందా అని అడిగింది. ఆవిడకి ఆ సంగతెలా తెలుసో నాకు తెలియదు. నేను రెండేళ్ళుగా తయారుచేసుకున్న మాటలు మూడు పేజీలున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

“అమ్మా, ఒకటి అడగాలని వచ్చాను,” అన్నాను. “ఆవేళ కానుకలప్పుడు నేను వాయిస్తుంటే మధ్యలో పాట ఎత్తారు. అది ఇంకా అవలేదు. సగం ఉంది. ఎందుకెత్తారు?”

ఆవిడ చింతపండు చాటలో పెట్టి, చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. నా మొహంలోకి చూసింది. కోపమొచ్చిందా అని నేను చూస్తున్నాను. కోపం కాదు.

“సగమే అయ్యిందని నాకేం తెలుసండీ,” అంది. “తప్పయితే చెమించండి అన్నయ్యగారూ. ఆ పాట నాకు రాదు. మీరు ఎత్తుకున్నారు, ఎవరూ అందుకోలేదండి. మల్లీ అదే ఎత్తుకున్నారు, ఇంకాస్త బతిమాలుతున్నట్టు. అప్పుడూ ఎవరూ అందుకోలేదు. ఆకరికి ఇంక గొంతు సన్నగిల్లిపోయి ఆగిపోయేరు. పిలిచి పిలిచి ఆగిపోయినట్టే ఉందండి. నాకు ఏడుపొచ్చేసింది. అంతమందిమి కూచుని, ఓ మనిషిని అలా ఒక్కణ్ణే వదిలేత్తామాండీ? నాకు నోటికొచ్చింది ఆ పాటొక్కటే. అదే అందుకున్నాను.”